వింటేజ్ షాంపేన్
ఫ్రాన్స్ ఈశాన్య భాగంలోని షాంపేన్ ప్రాంతంలో ఒకే సంవత్సరపు ద్రాక్ష పంటతో తయారై, ఆ సంవత్సరం సీసాపై ముద్రితమయ్యే నురగ వైన్‌ను వింటేజ్ షాంపేన్ అంటారు. పలు సంవత్సరాల వైన్లను కలిపి చేసే సాధారణ షాంపేన్‌కు సీసాలో కనీసం 15 నెలల నిల్వ చాలునని నిబంధన ఉండగా, దీనికి 3 సంవత్సరాలు తప్పనిసరి. మూసిన సీసాలోనే వైన్ రెండోసారి పులిసినప్పుడు పుట్టే కార్బన్ డయాక్సైడ్ బయటికి పోలేక అందులోనే కరిగి, సుమారు 6 అట్మాస్ఫియర్ల పీడనం ఏర్పడుతుంది; పని ముగిసి చనిపోయిన ఈస్టు కణాలు అడుగున మడ్డిగా చేరి, తమలోని ఎంజైముల వల్ల తామే విచ్ఛిన్నమవుతూ, ఏళ్ల తరబడి వైన్‌కు కాల్చిన రొట్టె వాసనను, నోటికి తెలిసే నునుపును ఇస్తాయి. ఆటోలైసిస్ అనే ఈ నిదానమైన ప్రక్రియే ఈ వైన్ గొప్పతనానికి ప్రాణం.

తెల్ల ద్రాక్ష రకమైన షార్డొనే ఒక్కదానితోనే చేసిన షాంపేన్ లేత వయసులో నిమ్మ, పచ్చి ఆపిల్ రుచులతో పదునుగా ఉండి, ముదిరేకొద్దీ బంగారు రంగుకు తిరిగి తేనె, బాదం, పుట్టగొడుగుల వాసనలను సంతరించుకుంటుంది. బిరడా గుండా వాయువు కొద్దికొద్దిగా తగ్గిపోవడంతో బుడగలు కూడా నెమ్మదిస్తాయి. మరీ చల్లబరిస్తే ఈ పరిమళాలు అణిగిపోతాయి కనుక, ముదిరిన షాంపేన్‌ను 10 డిగ్రీల సెల్సియస్‌కు అటూఇటూగా, వెడల్పాటి పళ్లెం వంటి గ్లాసులో కాక తులిప్ ఆకారపు గ్లాసులో రుచి చూడడమే ఉత్తమం. వెలుతురు సోకితే వైన్ దుర్వాసన పడుతుంది కాబట్టి సీసాలను చీకటిగా, చల్లగా, ఉష్ణోగ్రత మారని నేలమాళిగల్లో భద్రపరుస్తారు.