రాయపురము రైలు స్టేషను

చెన్నపట్నము పోయివచ్చిన తెలుగువారిని అచ్చటి రైలు స్టేషనును గూర్చి అడిగినచో, సెంట్రల్ స్టేషను ఎర్రని గోడలను, గడియారపు బురుజును వర్ణింతురు. ఆ భవనము నగరమునకు ముఖద్వారము వంటిదనుటలో సందేహము లేదు. కాని అంతకంటె వయసున పెద్దదైన స్టేషను ఒకటి జార్జిటౌనుకు ఉత్తరముగా, సముద్రతీరమునకు సమీపమున ఉన్నది. అదియే రాయపురము.

దక్షిణదేశమున ప్రయాణికుల రైలు మొట్టమొదట బయలుదేరినది ఇచ్చటినుండియే. మద్రాసు రైల్వే కంపెనీవారు 1853లో దారి వేయుటకు పూనుకొనిరి. మూడేండ్లకు, 1856 జూన్ 28వ తేదీన, గవర్నరు హారిస్ ప్రభువు రాయపురము స్టేషనును ప్రారంభించెను. జూలై 1 నుండి ప్రజలకు రాకపోకలు మొదలైనవి. నాటి దారి వాలాజా రోడ్డు వరకు, సుమారు 65 మైళ్లు. ఎడ్లబండిపై మూడు నాలుగు దినములు పట్టెడి పయనము అది. రైలు దానిని కొన్ని గంటలకు కుదించినది.

పిమ్మట అరక్కోణమున చీలిన వాయవ్యపు శాఖ రేణిగుంట, కడప, గుత్తి మీదుగా సాగి, 1871లో రాయచూరున బొంబాయి దారితో కలిసినది. రాయలసీమకు చెన్నపట్నము చేరువైనది. అయితే ఆ వైభవము రాయపురమునకు దక్కలేదు. 1873లో సెంట్రల్, 1908లో ఎగ్మూరు భవనము వెలసినవి. దూరప్రయాణికులు అటు మరలిరి. స్తంభముల వరుసతో గంభీరముగా నిలిచిన తొలి స్టేషనునకు సరకుల బండ్లు, చుట్టుపట్ల ఊళ్ల బండ్లు మాత్రమే మిగిలినవి.

ఇచ్చట ఒక విశేషమును గమనింపవలెను. 1853లో దేశపు తొలి ప్రయాణికుల రైలు నడచిన బోరీబందరు, ఠాణే స్టేషనుల మొదటి కట్టడములు నేడు లేవు. జనసమ్మర్దము పెరిగినచోట పాతవానిని తొలగించి పెద్దవి కట్టుట సహజము. రాయపురమున ఆ అవసరము కలుగలేదు. కనుకనే అది దేశమున నిలిచియున్న స్టేషను భవనములలో మిక్కిలి పురాతనమైనదిగా పేరొందినది. జనము విడిచిపోవుటయే దానిని కాపాడినది.

కాని విడిచిన ఇల్లు ఎంతకాలము నిలుచును? రాయపురము భవనమును సైతము శిథిలత ఆవరించెను. తుదకు 2005లో దానికి జీర్ణోద్ధరణము జరిగినది. ఆ పని మెచ్చదగినదే. అయినను గోడకు సున్నము వేసినంత మాత్రమున కట్టడము బ్రతుకదు. దానికి నిత్యము ఏదో ఒక పని ఉండవలెను. నేటికిని అచ్చట లోకలు రైళ్లు ఆగుచున్నవి. చెన్నపట్నము పోయినవారు ఒకసారి ఆ రైలెక్కి రాయపురమున దిగి, ఆ స్తంభములను చూచి రావలెను. సీమనుండి మన పెద్దలు ఎక్కివచ్చిన బండ్లకు పుట్టినిల్లు అది.