సిర్ఫిడ్ ఈగ: తేనెటీగను పోలిన రైతు మిత్రుడు

పూల ఎదుట గాలిలో కదలక నిలిచి, చటుక్కున పక్కకు తొలగే పసుపు, నలుపు చారల కీటకాన్ని చూసి పలువురు తేనెటీగ అని భ్రమిస్తారు. అది సిర్ఫిడ్ ఈగ. దానికి కొండి లేదు, అది కుట్టదు. ఆ చారలు పక్షులను బెదరించే వేషం మాత్రమే.

గుర్తించు విధము: తేనెటీగకు రెక్కలు నాలుగు, దీనికి రెండే. కళ్లు పెద్దవి, మీసాలు పొట్టివి. కాళ్లకు పుప్పొడి మూటలు ఉండవు.

ప్రపంచంలో సుమారు 6,000 జాతుల సిర్ఫిడ్ ఈగలు కలవు. భారతదేశపు పొలాల్లో ఇస్కియోడాన్ స్కూటెల్లారిస్ అనే జాతి తరచుగా కనిపిస్తుంది. పెరిగిన ఈగ పూలతేనె, పుప్పొడి ఆరగిస్తూ పరాగ సంపర్కానికి తోడ్పడుతుంది. పేనుబంక గుంపుల నడుమ తెల్లని గుడ్లను విడివిడిగా పెడుతుంది. వాటినుండి వెలువడే పిల్లపురుగుకు కాళ్లుండవు. తలవైపు సన్నగా ఉంటుంది. పెరిగేలోగా అది వందలాది పేనుబంక పురుగులను పీల్చి చంపుతుంది.

వేమగల్ ప్రాంతపు రైతులు అనప, క్యాబేజీ ఆకులపై ఈ పురుగును చూసి పంటను తినేదని తలచి మందు కొట్టరాదు. ఆ మందుకు మిత్రపురుగులు నశిస్తాయి. జతకూడకనే పిల్లలను కనే పేనుబంక మాత్రం త్వరలోనే మళ్లీ పెరుగుతుంది. కనుక పిచికారీకి ముందు ఆకు తిప్పి చూడవలెను. గట్లపై కొత్తిమీర, ఆవాలు పూతకు వదిలితే ఈ ఈగలకు ఆహారం లభిస్తుంది.