బౌడెన్ దొర చేతిపని

ఇలా మంట దగ్గరికి జరిగి కూర్చోరా అబ్బాయ్, గట్టు మీంచి చలిగాలి కొడుతోంది. నీ మిషనరీ ట్రైనింగు కాయితం మీ నాన్న చూపించేడు. ఆరు నెలలు హైదరాబాదులో పాఠాలు, ఆ తర్వాత ఉగాండా. బైబిలు, ఇంగ్లీషు, అక్కడి జనం పద్ధతులు, మలేరియా రాకుండా జాగర్తలు, అన్నీ రాసున్నాయి. అన్నీ కావల్సినవే, కాదనను. కాని పొద్దున్న ఓ మాటన్నావు, “తాతా, ఇన్నాళ్లూ అరటి తోటలో పిలకలు తవ్వుకుంటూ గడిపేసేను, ఇప్పుడన్నీ మొదట్నించీ నేర్చుకోవాలి” అని. ఆ మాట నాకు నచ్చలేదు. అందుకే కూర్చోబెట్టేను.

మన గోదావరి జిల్లాలకి సువార్త తెచ్చినవాళ్లలో ముందుగా చెప్పుకోవల్సినవాళ్లు ఇద్దరున్నారు. విలియం బౌడెన్, జార్జి బీర్. మా తాత వాళ్లని చూడలేదు గాని, వాళ్లని చూసినవాళ్లని చూసేడు. ఇంగ్లండులో డెవన్ సీమ, బార్న్‌స్టపుల్ అనే ఊరు వాళ్లది. బౌడెన్ రాతి మేస్త్రి. బీర్ చెప్పులు కుట్టేవాడు. బోధకుల కాలేజీలో చదివి పట్టా పుచ్చుకు వచ్చినవాళ్లు కాదు.

మరి వాళ్లకి తర్ఫీదు ఎక్కడైందంటావా? ఆ ఊళ్లో రాబర్ట్ చాప్‌మన్ అని ఒకాయన ఉండేవాడు. లండన్లో లాయరు. ఆ సంపాదన వదిలేసి 1832లో బార్న్‌స్టపుల్ వచ్చి, కూలీనాలీ జనం ఉండే సందులో ఇల్లు తీసుకున్నాడు. ఆ ఇంటికి ఎవరొచ్చినా పడకా భోజనం ఉండేవి. వచ్చినాయన రాత్రి బూట్లు విప్పి గది బయట పెడితే, తెల్లారేసరికి వాటిని చాప్‌మన్‌గారే తుడిచి పెట్టేవాడు. ఎవరు వద్దన్నా వినేవాడు కాదు. ఆయన సంఘంలో పెరిగినవాళ్లురా వీళ్లిద్దరూ. పెద్దాయన తన చేత్తో ఇంకొకడి బూట్లు తుడవడం రోజూ చూసిన కుర్రాడు, పరాయి దేశం పోయి అక్కడివాళ్ల మీద పెత్తనం చెయ్యగలడా? నా మటుక్కి నాకు అంతకి మించిన పాఠం కనపడదు.

వాళ్లని ఇక్కడికి తీసుకొచ్చింది గ్రోవ్స్‌గారు. ఆయన పళ్ల డాక్టరు, ఎక్సెటర్‌లో మంచి ప్రాక్టీసు. అదంతా వదులుకుని 1829లో బాగ్దాదు వెళ్లేడు. 1831లో అక్కడ ప్లేగు వచ్చింది, ఆ వెంటనే వరదొచ్చింది. భార్య పోయింది. అంత దెబ్బ తిని కూడా వెనక్కి పోకుండా, 1833లో మన దేశం వచ్చి ఊళ్లూళ్లూ తిరిగేడు. తెలుగు సీమలో చెప్పేవాళ్లు లేరని చూసి, ఇంగ్లండు వెళ్లి ఈ ఇద్దర్నీ భార్యలతో సహా వెంటబెట్టుకొచ్చేడు. 1836 సంగతి. సూయజ్ కాలవ తవ్వలేదింకా. ఆఫ్రికా మొత్తం చుట్టి నెలల తరబడి ఓడలో రావాలి. జీతం ఇచ్చే సొసైటీ లేదు, నెలకింతని మాటిచ్చినవాడూ లేడు.

బందరు చేరేరు. తెలుగు నేర్చుకోవాలి. కాంబెల్ దొర రాసిన వ్యాకరణం 1816లోనే అచ్చయింది గాని, బ్రౌన్ దొర నిఘంటువు రావడానికి ఇంకా పదహారేళ్లుంది. అంచేత వీధిలో విని, నోటితో అని, తప్పయితే జనం నవ్వగా దిద్దుకోవాలి. ఆ తర్వాత బీర్ దొర నర్సాపురంలో, బౌడెన్ దొర పాలకొల్లులో నిలబడ్డారు. మనకి గోదావరి డెల్టా మిషన్ అని పేరు వచ్చింది అక్కణ్ణించే.

వాళ్లు వచ్చేసరికి ఈ నేల ఎలా ఉండేదో నువ్వు ఊహించలేవు. అప్పటికి మూడు నాలుగేళ్ల కిందటే నందన కరువు వచ్చి జనాన్ని ఊడ్చేసింది. వీళ్లు కుదురుకునేలోపు 1839లో కోరంగి ఉప్పెన. ఆనకట్ట లేదు. గోదారి నీళ్లు మన కళ్లముందే సముద్రంలోకి పోయేవి, పక్కనే చేలు ఎండిపోయేవి. గౌతమికీ వశిష్ఠకీ మధ్యనున్న మన రావులపాలెం కూడా అంతే. ఈ అరటి తోటలు, ఈ కాలవలు, మన మార్కెట్టులో లారీలకెక్కే గెలలు, ఇవన్నీ కాటన్ దొర ఆనకట్ట తర్వాతి మాట.

1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది. 1852కి పూర్తయింది. రాయి కొట్టేవాళ్లు, మోసేవాళ్లు, సున్నం కలిపేవాళ్లు, వేలమంది కూలీలు దిగేరక్కడ. కాటన్ దొరకి ఈ మిషనరీలంటే గౌరవం, వాళ్లకి అండగా ఉండేవాడు. ఆ కూలీ జనం మధ్య బౌడెన్ దొర బోధించేడు. ఇక్కడ ఆగి ఆలోచించు. రాతి మేస్త్రి, రాతి పని చేసే జనం! సుత్తి ఎలా పట్టాలో, చేతులు ఎక్కడ కాయలు కాస్తాయో తెలిసిన మనిషి వాళ్లతో మాట్లాడితే ఆ మాట తీరే వేరుగా ఉంటుందని నా నమ్మకం. చిన్నప్పుడు కూటి కోసం నేర్చుకున్న పని ఎక్కడికి తీసుకెళ్లిందో చూడు.

బీర్ దొర 1853లో పోయేడు. ఆయన భార్య, పిల్లలు ఈ పని వదల్లేదు.

గుంటూరు వచ్చిన హయ్యరుగారి సంగతి కూడా వినే ఉంటావు. 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ. ఇక్కడ రోగాలు కళ్లారా చూసి అమెరికా తిరిగెళ్లి, యాభై దాటిన వయసులో వైద్యం చదివి, 1847లో పట్టా పుచ్చుకుని మళ్లీ వచ్చేడు. డెబ్బై దాటేక మూడోసారి మన రాజమండ్రికి వచ్చేడు. ట్రైనింగు ఒక్కసారితో అయిపోయేది కాదని ఆయన్ని చూస్తే తెలుస్తుంది.

ఒంగోలు క్లవ్ దొర సంగతి మాత్రం నిదానంగా చెప్పాలి. అమెరికాలో ఆయన సర్వేయరు పని చేసేడు, భూములు కొలిచేడు. ధాత కరువులో, అంటే 1876 నుంచి 78 దాకా, జనం పిట్టల్లా రాలిపోతుంటే బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ల పైచిలుకు తవ్వకం కాంట్రాక్టు పుచ్చుకుని వేలమందికి పని చూపించేడు. కొలత గొలుసు పట్టడం రాకపోతే ఆ పని ఆయనకెవరిస్తారు? ఇంకో సంగతి బాగా గుర్తుపెట్టుకో. ఆ కరువు పని నడిచినన్నాళ్లూ ఒక్కడికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. కూడు కోసం వచ్చినవాడు కూడు తిని వెళ్లాలి, మతం కలిసేది కడుపు నిండిన తర్వాత అన్నాడు. పని అయ్యాక, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. నువ్వు వెళ్లే చోట ఆకలి ఉంటే ముందు ఆకలి చూడు, దానికీ నీ పుస్తకానికీ ముడి వెయ్యకు.

ఇంకో పాతికేళ్లకి ఆ తెలుగు సంఘాలే మనిషిని బయటికి పంపించేయి! దక్షిణాఫ్రికా నేటాల్‌కి 1860 నుంచి మనవాళ్లని కూలి ఒప్పందాల మీద పట్టుకుపోయేరు, చెరకు తోటలకీ తేయాకు తోటలకీ. మన కాకినాడ వైపు వాళ్లు రంగూన్ పోయినట్టే అనుకో, ఇంకా దూరం. అక్కడి తెలుగువాళ్లు మాకు కాపరి కావాలని కబురు పెడితే, తెలుగు బాప్టిస్టులు కట్టుకున్న హోం మిషనరీ సొసైటీ జాన్ రంగయ్యగారిని పంపించింది. 1903లో వెళ్లేడు. ఆ ఏడు డిసెంబరు 27న కియర్స్‌నీ అనే తేయాకు తోటలో సంఘం పెట్టేడు. 1915లో అక్కడే పోయేడు. దొరలు పంపిన డబ్బుతో కాదు, తినీ తినక మిగిల్చిన మనవాళ్ల డబ్బుతో వెళ్లిన మనిషి. ఆయన పేరు చెప్తే ఇప్పటికీ నాకు ఛాతీ నిండుతుంది.

ఇప్పుడు నీ పిలకల సంగతికొస్తా. ఉగాండాలో జనం తినేది ఏంటో తెలుసా? అరటికాయ. పచ్చికాయలు ఉడకబెట్టి మెదిపి తింటారు, మటోకే అంటారట. మనకి వరన్నం ఎలాగో వాళ్లకదలాగ. ఆ తోటలకి 2001లో ఒక బాక్టీరియా తెగులు వచ్చి చెట్లకి చెట్లే పోయేయని వ్యవసాయాఫీసరు గారు చెప్పేరు. తెగులు తగిలిన చెట్టు కోసిన కత్తితో మంచి చెట్టు కోస్తే దానికీ పాకుతుంది. పువ్వుని కత్తితో కొయ్యకుండా పంగలకర్రతో విరిచెయ్యమంటారట. పద్నాలుగేళ్లప్పట్నించి కర్పూర తోటలో, చక్కెరకేళి తోటలో చేతులు జిగురు చేసుకున్నవాడివి, నీకు ఇది ఒక్కరోజులో బుర్రకెక్కుతుంది. హైదరాబాదులో ఈ పాఠం ఎవరూ చెప్పరు. వాళ్ల దగ్గర లేదు, నీ దగ్గరుంది.

ఇక్కడి సంగతి నీకు బెంగొద్దు. ఆడవాళ్లు పూటపూటా తీసే పిడికెడు బియ్యం లెక్క, నెలనెలా నీకు పంపే డబ్బు లెక్క నేనూ సంఘ పెద్దలూ చూసుకుంటాం. అక్కడ దిగేక మొదటి ఫోనులో మాత్రం పిలకలు ఎంతెంత దూరంలో నాటుతున్నారో, కత్తి దేంతో కడుగుతున్నారో చెప్పు. నీ ప్రసంగం ఎలా జరిగిందో రెండో ఫోనులో అడుగుతా.