కోఠి నుంచి జిద్దాకు

కోఠి అంటే బంగళా. బస్సు కండక్టర్లు రోజంతా కేకేసే ఈ మాటలో ఒక పరదేశి ఉన్నాడు. పని కోసం మా ఊరొచ్చినవాడు. పేరు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. పుట్టింది 1764లో, మద్రాసులో. నౌకరీ ఈస్టిండియా కంపెనీలో. 1798లో నిజాం దర్బారులో రెసిడెంటయ్యాడు.

ఆ పరదేశిని మా షహర్ ఎట్లా చూసిందో గమనించండి. అతను ఫారసీ మాట్లాడాడు, మొఘలాయి దుస్తులు తొడిగాడు, హుక్కా తాగాడు. నిజాం అలీఖాన్ అతనికి హష్మత్ జంగ్ అని బిరుదిచ్చాడు. ఖాన్‌దానీ ఇంటి పిల్ల ఖైరున్నిసా అతన్ని కోరి చేసుకుంది. ఆ పెళ్ళి మీద విచారణ జరిపించింది కలకత్తాలో కూచున్న అతని సొంత కంపెనీయే.

ఈ ప్రేమకథ చెప్పుకుని మురిసేవాళ్ళు ఒక సంగతి దాటేస్తారు. కడప, బళ్ళారి, అనంతపురం సీమల్ని కంపెనీకి దఖలుపరిచిన 1800 నాటి ఒడంబడికలో కంపెనీ తరఫు సంతకం ఈ హష్మత్ జంగ్‌దే. అంగర్ఖా వేసుకున్నా లోపలి కంపెనీ నౌకరు ఎక్కడికీ పోలేదు. ఆ నౌకరు కోసం 1803లో మొదలుపెట్టి కట్టిందే ఈ కోఠి.

వచ్చినవాడి కథ అది. ఇక్కణ్ణుంచి సముద్రం దాటినవాళ్ళ కథ వేరు.

మొదట వెళ్ళింది ఆ దంపతుల బిడ్డలే. 1805లో ఓడెక్కేనాటికి కొడుక్కి నాలుగేళ్ళు, కూతురికి మూడేళ్ళు. ఇక్కడ సాహెబ్ ఆలం, సాహెబ్ బేగం. లండన్‌లో 1806లో బాప్తిస్మమిచ్చి విలియం జార్జ్, కేథరిన్ అరోరా అన్నారు. అంటే ఊరితోపాటు పేరూ పోయింది, దీన్ కూడా పోయింది. తండ్రి 1805లోనే కలకత్తాలో చనిపోయాడు. తల్లి మళ్ళీ బిడ్డల మొహం చూడకుండానే 1813లో కన్నుమూసింది. పెద్దయ్యాక ఆ కూతురు వెతికి వెతికి అమ్మమ్మకు ఉత్తరం రాస్తే అమ్మమ్మ ఫారసీలో జవాబిచ్చింది. మనవరాలికి ఆ భాష రాదు. ఇంకొకరు చదివి చెప్పాల్సిందే.

తర్వాత వెళ్ళింది మౌల్వీ అలావుద్దీన్. 1857 జూలై 17న తుర్రెబాజ్ ఖాన్‌తో కలిసి ఇదే కోఠి మీద దాడి చేశాడు. తుర్రెబాజ్‌ను 1859లో చంపేశారు. మౌల్వీని అండమాన్ పంపారు. దేశం కోసం పరదేశమెళ్ళిన ఈ మౌల్వీ మన పాఠ్యపుస్తకాల్లో ఎన్ని పంక్తులున్నాడో మీరే వెతకండి.

ఆ తర్వాత మా నాన్నలు. 1973లో చమురు ధర పెరిగాక గల్ఫ్‌కు చేతులు కావలసొచ్చాయి. సిటీలో మా వాళ్ళకు పని లేదు. 1948 తర్వాత సర్కారీ కొలువులు జారిపోయిన తరం పిల్లలు వాళ్ళు. మా అబ్బా ట్రూప్‌బజార్‌లో కరెంటు సామాన్ల దుకాణంలో పనిచేసేవాడు. 1984లో నాంపల్లిలో రైలెక్కి బొంబాయి, అక్కణ్ణుంచి జిద్దా.

ఉత్తరాలు తక్కువ, క్యాసెట్లు ఎక్కువ. టేపురికార్డరు చుట్టూ ఇల్లంతా కూచునేది. మొదటి క్యాసెట్లో అబ్బా గొంతు పండగలా ఉంది. విమానం తలుపు తీయగానే రొట్టెల భట్టీ తెరిచినట్టుందట. అజాన్ కాగానే దుకాణాల షట్టర్లు పడతాయట. "ఇక్కడ టోపీ పెట్టుకున్నానని ఎవడూ వెనక్కి తిరిగి చూడడు" అన్నాడు. దాదీ ఏడ్చింది. క్రికెట్ మ్యాచి రోజుల్లో దుకాణంలో ఏమేం మాటలు పడేవాడో ఆమెకు తెలుసు.

నాలుగైదు క్యాసెట్లకు గొంతు మారింది. పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. మసీదులో అరబ్బు భుజానికి భుజం ఆనించి నిలబడతాడు, సలాం తిప్పి బయటికి రాగానే "యా హిందీ" అని పిలుస్తాడు. "అక్కడ నన్ను పాకిస్తాన్ పొమ్మన్నారు. ఇక్కడ హిందీ అంటున్నారు. నేను ఎవరో చెప్పడానికి రెండు దేశాలూ తప్పే మాట్లాడుతున్నాయి" అన్నాడు అబ్బా. నవ్వుతూనే అన్నాడు. అయితే రెండో మాట తప్పు కాదని నాకు తర్వాత అనిపించింది. ఇండియావాడని మా నాన్నను పేరుపెట్టి పిలిచింది పరాయి దేశమే.

అబ్బా అరబ్బీ చదవగలడు, అర్థం కాదు. ఫోర్‌మన్‌కు అబ్బా దక్కనీ ఉర్దూ అర్థం కాదు. గదిలో పక్కమంచం కరీంనగర్ జిల్లా వడ్రంగిది. హిందువు. అతనికి తెలుగు తప్ప ఏదీ రాదు. కోఠిలో ఉన్నన్నాళ్ళూ గిరాకీతో బేరానికే తెలుగు వాడిన మా అబ్బా జిద్దాలో రాత్రిళ్ళు తెలుగులో కష్టసుఖాలు చెప్పుకున్నాడు. ఉమ్మత్ గురించి పెద్ద పెద్ద మాటలు చెప్పేవాళ్ళూ, ముస్లిముకు తెలుగెందుకు అనేవాళ్ళూ ఒకసారి ఆ గదిలో పడుకుని రావాలి.

1990లో మా చాచా కువైట్ నుంచి ఒంటిమీది బట్టలతో అమ్మాన్ మీదుగా తిరిగొచ్చాడు. ఆ ఏడు ఎయిరిండియా లక్షమందికి పైగా అట్లా తెచ్చింది. ప్రాణాలతో ఇల్లు చేరానని షుక్రానా నమాజు చదివాడు. డిసెంబరులో సిటీలో మతకలహాలు. వందమందికి పైగా పోయారు. చాచా మళ్ళీ వీసా ఏజెంటు దగ్గరికే నడిచాడు.

అంతకు ముందటేడు, 1989లో, ఒక క్యాసెట్టు రెండోవైపు అబ్బా గొంతు కాదు, ఆ వడ్రంగిది. భార్యకు చెప్పాల్సిన మాటలు. ఆమె ఊళ్ళో టేపురికార్డరు లేదు. మా ఇంట్లో తెలుగు రాయడం వచ్చింది నాకొక్కడికే. నాకు తొమ్మిదేళ్ళు. టేపు ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, నాగలి అమ్మొద్దని, చిన్నదాన్ని బడి మాన్పించొద్దని, ఇక్కడ తురకాయన నన్ను తమ్ముడిలెక్క చూసుకుంటున్నాడని, కార్డు మీద సన్న అక్షరాల్లో రాశాను. తురకాయన దగ్గర ఒక్క క్షణం ఆగి, అట్లాగే రాశాను. కోఠిలో పోస్టు డబ్బాలో వేసి వచ్చాను.