ఒక్క ఎలక్ట్రాన్ తేడా: ఫ్లోరిన్ పరమాణువు ఫ్లోరైడ్ అయాన్‌గా ఎలా మారుతుంది?

నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ సమస్య గురించి మాట్లాడేటప్పుడు కొందరు ‘ఫ్లోరిన్ నీళ్లు’ అంటారు, కొందరు ‘ఫ్లోరైడ్ నీళ్లు’ అంటారు. రసాయన శాస్త్రంలో ఈ రెండూ ఒకటి కావు. ఫ్లోరిన్ లేత పసుపు రంగు విషవాయువు. ఫ్లోరైడ్ రంగు, వాసన లేకుండా నీళ్లలో కరిగి ఉండే అయాన్. ఫ్లోరిన్ పరమాణువుకూ ఫ్లోరైడ్ అయాన్‌కూ ఉన్న తేడా ఒక్క ఎలక్ట్రాన్ మాత్రమే.

అయాన్ అంటే ఏమిటి?

పరమాణువు మధ్యలోని కేంద్రకంలో ధనావేశం ఉన్న ప్రోటాన్లు ఉంటాయి. చుట్టూ రుణావేశం ఉన్న ఎలక్ట్రాన్లు ఉంటాయి. రెండింటి సంఖ్యా సమానం కాబట్టి పరమాణువుకు మొత్తంగా ఆవేశం ఉండదు. రసాయన చర్యల్లో ప్రోటాన్ల సంఖ్య మారదు. మారేది ఎలక్ట్రాన్ల లెక్కే. ఎలక్ట్రాన్‌ను కోల్పోతే ధన అయాన్, అంటే కాటయాన్ ఏర్పడుతుంది. అదనంగా చేరితే రుణ అయాన్, అంటే ఆనయాన్ ఏర్పడుతుంది.

ఏది ఇస్తుంది, ఏది తీసుకుంటుంది?

దీన్ని ప్రధానంగా బయటి కక్ష్య నిర్ణయిస్తుంది. సోడియంలోని 11 ఎలక్ట్రాన్లు 2, 8, 1గా అమరి ఉంటాయి. చివరి ఒక్కదాన్ని తీయడం తేలిక. ఆ తర్వాత రెండోదాన్ని తీయాలంటే సుమారు తొమ్మిది రెట్ల శక్తి కావాలి. అందుకే సోడియం ఒక్క ధనావేశంతో ఆగిపోతుంది. కాల్షియం రెండు, అల్యూమినియం మూడు ఎలక్ట్రాన్లను వదులుకుంటాయి.

ఫ్లోరిన్‌లోని 9 ఎలక్ట్రాన్ల అమరిక 2, 7. ఇంకొకటి చేరితే జడవాయువైన నియాన్‌లా 10 అవుతాయి. ప్రోటాన్లు మాత్రం 9 దగ్గరే ఉంటాయి. ఆ తేడా వల్లే ఫ్లోరైడ్‌కు ఒక రుణావేశం వస్తుంది.

పరమాణువులు ‘ఎనిమిది కావాలని కోరుకుంటాయి’ అని పాఠాల్లో చెప్పడం గుర్తుపెట్టుకోవడానికే. అసలు లెక్క శక్తిది. సోడియం నుంచి ఎలక్ట్రాన్‌ను తీయడానికి శక్తి ఖర్చవుతుంది. ధన, రుణ అయాన్లు ఒకదాన్నొకటి ఆకర్షించుకుని స్ఫటికంగా పేరుకున్నప్పుడు అంతకంటే ఎక్కువ శక్తి విడుదలవుతుంది.

రాతి నుంచి ఎముకలోకి

నల్గొండ ప్రాంతపు గ్రానైట్ రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. అలాంటి ఖనిజాల్లో ఒకటైన ఫ్లోరైట్‌లో ఒక్కో కాల్షియం అయాన్‌కు రెండు ఫ్లోరైడ్ అయాన్లు ఉంటాయి. భూగర్భజలంలో కాల్షియం తక్కువగా, బైకార్బొనేట్ ఎక్కువగా ఉన్నచోట ఫ్లోరైడ్ మరింతగా కరుగుతుంది.

ఎముకల్లో, పళ్లలో ఉండే కాల్షియం ఫాస్ఫేట్ ఖనిజంలో హైడ్రాక్సైడ్ అయాన్లు ఉంటాయి. వాటిదీ ఫ్లోరైడ్‌దీ ఒకే ఆవేశం, దాదాపు ఒకే పరిమాణం. అందుకే ఫ్లోరైడ్ వాటి స్థానంలో చేరిపోగలదు. కొద్ది మోతాదులో ఇది పళ్లకు మేలే. ఏళ్ల తరబడి ఎక్కువగా చేరితే పళ్లు గారపడతాయి, కీళ్లు బిగుసుకుపోతాయి, ఎముకలు వంకర్లు పోతాయి. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో ఈ జబ్బును 1937లోనే వైద్యులు నమోదు చేశారు.

తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతిస్తుంది.

మరిగిస్తే పోతుందా?

పోదు. మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి కానీ అయాన్లు ఆవిరి కావు. నీరు ఆవిరైపోయే కొద్దీ మిగిలిన నీళ్లలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా లాభం లేదు.

నాగ్‌పూర్‌లోని నీరి సంస్థ 1970ల్లో రూపొందించిన ‘నల్గొండ పద్ధతి’ అయాన్ల గుణాన్నే వాడుకుంటుంది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలుపుతారు. పటికలోని అల్యూమినియం అయాన్లు జిగురులాంటి హైడ్రాక్సైడ్ మడ్డిగా మారతాయి. ఫ్లోరైడ్ దానికి అంటుకుని అడుగుకు చేరుతుంది. పైన తేరిన నీటిని వడకట్టుకుంటారు.

బోరునీళ్లు కంటికి ఎంత తేటగా కనిపించినా, నాలుకకు ఎంత రుచిగా ఉన్నా, అందులో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.