బేరింగు జాబునుండి ఉచితపు పిలుపు వరకు

మన పెద్దలు బేరింగు జాబు నెరుగుదురు. తపాలాబిళ్ల యంటింపక పంపిన జాబును తపాలాబంట్రోతు గుమ్మము వరకు దెచ్చి, రెట్టింపు పైకము పుచ్చుకొనిన పిమ్మటనే చేతికిచ్చెడివాడు. జాబు విప్పక మునుపే ఇంటివారు పంపినవానిని తిట్టుకొనెడివారు. ఇతరుల మాట వినుటకు తామే పైకమిచ్చుట నష్టముగాను, కొంత నగుబాటుగాను ఎంచబడిన కాలమది. నేడో, వర్తక సంస్థలు ముక్కుమొగ మెరుగని జనుల పలుకులకెల్ల తామే పైకము చెల్లింతుమని ప్రకటనలయందు పెద్ద అంకెలతో అచ్చొత్తించుకొనుచున్నవి. టోల్ ఫ్రీ నంబరనగా నిదియే. బేరింగు జాబువంటి యేర్పాటు మర్యాదకు గురుతుగా నెట్లు మారెనో విచారించుట లాభకరమని మా తలంపు.

ఖర్చు పంపువానిదా, అందుకొనువానిదా యను ప్రశ్న పాతది. 1840కి పూర్వము ఇంగ్లండులో జాబు కూలిని సాధారణముగా అందుకొనువారే చెల్లించుచుండిరి. రోలండ్ హిల్ చేసిన యాందోళనము ఫలించి, ఆ యేట పంపువాడే ఒక పెన్నీ చెల్లించు పద్ధతి యేర్పడెను. మన దేశమున 1854లో, దూరముతో నిమిత్తము లేని అర్ధణా బిళ్ల వచ్చెను. 1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందిన తరువాత, ఆ యంత్రమునకును ఇదే న్యాయము వర్తించెను: పిలిచినవాడే చెల్లింపవలెను.

అయితే జాబునకు దూరభేదము పోయెను గాని టెలిఫోనునకు పోలేదు. అమెరికావంటి విశాలదేశమున దూరపు పిలుపు మిక్కిలి ప్రియము. ధర యడుగుటకే ధర చెల్లింపవలసిన చోట బేరము సాగునా? కావున వర్తకులు ఆ వ్యయమును తామే భరింపజూచిరి. పిలుపు వచ్చినప్పుడు ఎక్స్ఛేంజిలోని ఆపరేటరు, "ఈ పిలుపునకు మీరు చెల్లింతురా?" యని యడుగుట యొక పద్ధతి. జెనిత్ నంబరు మరియొక పద్ధతి. ఆనాటి అమెరికా టెలిఫోను డయలుపై సాధారణముగా జెడ్ అక్షరము ఉండెడిది కాదు. కనుక ఆ నంబరును స్వయముగా త్రిప్పుటకు వీలులేదు. ఆపరేటరే పట్టిక చూచి, అసలు నంబరు తెలిసికొని కలుపవలెను. బ్రిటనులో 1959లో ప్రారంభమైన ఫ్రీఫోనును ఇట్లే ఆపరేటరు చేతిమీదుగా నడచెను.

1951లో న్యూజెర్సీలోని ఇంగిల్‌వుడ్ పట్టణమున, ఆపరేటరు సహాయము లేకయే దూరప్రాంతములకు డయలు చేయు సౌకర్యము కలిగెను. మనుష్యహస్తము తొలగుచున్నకొలది, ఉచితపు పిలుపునకును యంత్రమార్గము వెదకవలసివచ్చెను. 1967లో ఏటీ అండ్ టీ కంపెనీ 800 అంకెతో మొదలగు నంబర్లను ప్రవేశపెట్టెను. వానికి ప్రత్యేకపు తీగలు కావలెను. కొన్నవారు పెద్దమొత్తము చెల్లింపవలెను. పైగా ఒక రాష్ట్రములోపలి పిలుపులకు వేరు నంబరు, వెలుపలి పిలుపులకు వేరు నంబరు. ఇట్టి సౌకర్యము గొప్ప సంస్థలకే గాని చిన్న అంగడివానికి అందునది కాదు.

ఈ చిక్కును విడదీసినది కొత్త తీగ కాదు, కొత్త యాలోచన. ఆ కంపెనీ పరిశోధకుడు రాయ్ వెబర్ 1980లో పేటెంటు పొందిన పద్ధతిలో, 800 నంబరు ఏ యింటి తీగకును సంబంధించినది కాదు. అది యొక పేరు మాత్రమే. ఎవరైన ఆ పేరుతో పిలిచినంతనే ఎక్స్ఛేంజి యంత్రము ఒక కేంద్రపు చిట్టాను సంప్రదించి, "ఈ పేరుగలవా రిప్పుడెక్కడ నున్నా"రని తెలిసికొని అక్కడకు కలుపును. పగలొక పట్టణమునకు, రాత్రి యింకొక పట్టణమునకు అదే నంబరు పోవచ్చును. ఆ దశాబ్దమునందే ఇది యాచరణలోనికి వచ్చెను. 1993 మేలో, టెలిఫోను కంపెనీని మార్చినను నంబరు మారనక్కరలేదను హక్కు అమెరికా వర్తకులకు లభించెను. ఊరు మారినంత మాత్రమున మనిషి పేరు మారదు గదా! గిరాకి పెరిగి 800 నంబర్లు చాలక, 1996లో 888 వరుసను తెరవవలసివచ్చెను. కొందరు మంచి నంబర్లను దాచియుంచి అమ్మజూడగా, 1997లో ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ దానిని నిషేధించెను.

మన దేశమున ఈ నంబర్లు 1800తో మొదలగును. వర్తకుడు టెలిఫోను కంపెనీకి దరఖాస్తు పెట్టి, పిలుపు లే తీగలకు రావలెనో తెలిపి, వచ్చిన పిలుపుల వ్యయమును తాను చెల్లించును. 1860తో మొదలగునవి ఇట్టివి కావు. వానికి పిలిచినవారును కొంత చెల్లింపవలెను. ఈ భేదమును గృహిణులు గుర్తెరుగుట మంచిది. వర్తకముకొరకు పుట్టిన ఈ యుపాయము ప్రజాసేవకును వచ్చెను. 2004లో కిసాన్ కాల్ సెంటర్లు నెలకొని, రైతుల ప్రశ్నలకు వారి వారి భాషలలో ఉచితముగా సమాధానము చెప్పసాగినవి. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 108 సేవ మొదలయ్యెను. చేత చిల్లిగవ్వ లేని కూలివాడును ఆంబులెన్సును పిలువగలుగుట, ఏ వర్తకలాభముకంటెను గొప్పది గాదా?

ఇంత చెప్పిన పిమ్మట మా యనుభవమొకటి చెప్పవలసియున్నది. మా యింటి వస్తువొకటి చెడిపోగా, దాని పెట్టెమీది ఉచితపు నంబరునకు పిలిచితిమి. ఒకటి నొక్కుడనియు, రెండు నొక్కుడనియు యంత్రము పలికెను. తరువాత సంగీతము వినవచ్చెను. అరగంటకు పిలుపు తెగిపోయెను. మా వద్ద పైసయు పుచ్చుకొనలేదు. అరగంట మాత్రము పుచ్చుకొనిరి. నెలకొకసారి చెల్లించినచో ఎన్ని పిలుపులైన చేయదగిన మొబైలు ఫోనులు వచ్చిన యీ కాలమున పిలుపు వెల స్వల్పము. సుంకము పోయినదనుకొనుచున్నాము గాని, అది రూపాయలనుండి నిమిషములలోనికి మారినది. రోజుకూలి విడిచి ఫోను పట్టుకొని కూర్చున్న వానికి ఆ నిమిషములే రూపాయలు.

కావున ఉచితపు నంబరును సంపాదింపదలచు వర్తకమిత్రులకు మా మనవి. నంబరు కొనుట సులభము. అవతల ఒక మనిషిని, కొనువాని భాష తెలిసినవానిని, కూర్చుండబెట్టుట ముఖ్యము. పాఠకులకును ఒక మాట. నంబరును వస్తువు పెట్టెమీదనుండియో రసీదునుండియో తీసికొనుడు. ఎక్కడనో కనబడిన నంబరును నమ్మి, రహస్యపు అంకెలు చెప్పి మోసపోకుడు. న్యాయము జరుగనిచో వినియోగదారుల సహాయకేంద్రపు నంబరు 1915 కలదు.

బేరింగు జాబు నందుకొనువాడు గొణుగుచునైనను పైకమిచ్చి జాబు చదివెడివాడు. నేటి సంస్థలు పైకము సంతోషముగా నిచ్చుచున్నవి. చదువుట మాత్రము మరచుచున్నవి. ఆ చదువుటయే కదా మర్యాద.