గీతకు గీత కలియుట: సిరాబొట్టు చరిత్ర

సూర్యాపేట నుండి ఖమ్మము పోవు మార్గమున మోతె ఒక మండల కేంద్రము. ఈ ప్రాంతమున పెండ్లియైనను, పండుగయైనను, రెండేండ్లకొకసారి దురాజ్‌పల్లిలో జరుగు పెద్దగట్టు లింగమంతుల స్వామి జాతరయైనను, దారి ప్రక్కన ఫ్లెక్సీ బ్యానర్లు నిలుచుట ఇప్పుడు పరిపాటి. ఒకప్పుడు బట్టపై కుంచెతో అక్షరములు వ్రాసిన చిత్రకారుల పనిని నేడు పట్టణములలోని పెద్ద ఇంకుజెట్ యంత్రములు చేయుచున్నవి. అట్టి బ్యానరును దగ్గరగా నిలిచి చూచినచో ఒక్కొక్కప్పుడు ఒక వింత కనబడును. అక్షరపు నిలువు గీత రెండుగా చీలి, దాని ప్రక్కన నీడవలె మరియొక గీత ఉండును. 'ద'కును 'ధ'కును భేదము ఒక చిన్న గీతయే గదా! అడుగున సన్నగా అచ్చు వేసిన పేర్లలో ఆ గీత చెదరినచో చదువరి తికమకపడును.

యంత్రము నడుపువారు దీనిని 'అలైన్‌మెంటు పోయినది' అందురు. హెడ్డు చెడినదని తలచి, వేల రూపాయలు పోసి క్రొత్తది తెప్పించువారును కలరు. హెడ్డులో ఏ దోషము లేకున్నను ఈ చీలిక రావచ్చును. ఎట్లు వచ్చునో తెలియవలెనన్న సిరాబొట్టు చరిత్ర కొంత తెలియవలెను.

అచ్చుపై అచ్చు సరిగా కూర్చుట క్రొత్త సమస్య కాదు. కృష్ణా జిల్లా పెడనలో కలంకారీ బట్టలు అద్దువారు ఒక అచ్చుతో అంచు గీతలు వేసి, మరియొక అచ్చుతో వాటి నడుమ భాగమును నింపుదురు. తుప్పు ఇనుమును బెల్లపు నీటిలో నానబెట్టి చేసిన ద్రవము నలుపునకు ఆధారము. రెండవ అచ్చు మొదటిదానిలో సరిగా కూర్చుండుట పనివాని కంటికిని చేతికిని ఉన్న అలవాటుపై ఆధారపడును. ఐరోపాలో లె బ్లాన్ అను చిత్రకారుడు కొన్ని రంగుల పలకలను ఒకదానిపై నొకటి అద్ది పూర్తి రంగుల చిత్రము వచ్చునని చూపి, 1719లో ఇంగ్లండులో హక్కుపత్రము పొందెను. నేటికిని రంగుల ముద్రణాలయములలో కాగితపు అంచున చిన్న శిలువ గుర్తులు వేసి, అన్ని రంగుల గుర్తులు ఒకటిగా కలిసినవా యని చూతురు.

అయితే వీటన్నిటిలో అచ్చు బట్టను గాని, కాగితమును గాని తాకును. ఇంకుజెట్‌లో తాకునది లేదు. సిరాబొట్టు గాలిలో ఎగిరి పోయి పడవలెను. చిక్కు అంతయు ఆ చిన్న ప్రయాణములోనే ఉన్నది.

కుళాయిని సన్నగా తిప్పి చూడుడు. నీటిధార కొంత దూరము దారమువలె దిగి, ఆపై ముత్యములవలె తెగిపోవును. ఫ్రాన్సు దేశీయుడు సవార్ 1833లో ఈ విషయమును శ్రద్ధగా పరిశీలించి ప్రచురించెను. బెల్జియము శాస్త్రజ్ఞుడు ప్లాటో, చూపు కోల్పోయిన పిమ్మటను ఇతరుల కన్నులతో ప్రయోగములు సాగించి, ధార తెగుటకు కారణము ద్రవపు తలతన్యతయేనని తేల్చెను. 1878లో ఇంగ్లండులో రేలీ ప్రభువు దీనికి గణితము కూర్చెను. ధారపై పుట్టు అలలలో, ధార వ్యాసమునకు సుమారు నాలుగున్నర రెట్లు పొడవు గలది అన్నిటికంటె వేగముగా పెరిగి ధారను తెంచునని ఆయన లెక్క.

రేలీ కంటె ముందే, 1867లో, కెల్విన్ ప్రభువుగా తరువాత ప్రసిద్ధుడైన విలియం థామ్సన్ సముద్రపు తంతివార్తల కొరకు ఒక యంత్రమునకు హక్కుపత్రము పొందెను. అందు సన్నని గాజు గొట్టము నుండి విద్యుదావేశము గల సిరా కాగితముపైకి చిమ్మును. కలము కాగితమును తాకదు గనుక రాపిడి లేదు. బలహీనమైన సంకేతమును సైతము గీత పట్టును. స్వీడను ఇంజనీరు ఎల్మ్‌క్విస్ట్ 1951 నాటికి ఇట్టి ధారనే వైద్య పరికరములలో గీతలు గీయుటకు వాడెను. హృదయమును నడుపు పేస్‌మేకరును 1958లో శరీరములో అమర్చుటకు తగినట్లు తయారుచేసినది ఈయనయే. పిదప 1960ల దశకములో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో స్వీట్ అను ఇంజనీరు ప్రతి బొట్టునకు వేరుగా ఆవేశమిచ్చి, విద్యుత్ క్షేత్రముతో కావలసిన చోటికి మళ్ళించెను.

మరియొక మార్గము, కావలసినప్పుడే ఒక్క బొట్టును వెలికి నెట్టుట. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని 1880లో క్యూరీ సోదరులు కనుగొనిరి. విద్యుత్తు ఇచ్చినచో అవి స్వల్పముగా ఆకృతి మారును కూడ. ఆ మార్పుతో సిరాను నెట్టు పద్ధతికి 1972లో జోల్టాన్ హక్కుపత్రము పొందెను. 1977లో జపానులోని కేనన్ పరిశోధనశాలలో సిరా నిండిన సూదికి వేడి సోల్డరింగ్ ఇనుము తగిలి సిరా చిమ్మెననియు, బుడగతో బొట్టును నెట్టు ఆలోచన అప్పుడే కలిగెననియు ప్రసిద్ధి. 1984లో వచ్చిన హ్యూలెట్-ప్యాకార్డ్ 'థింక్‌జెట్' హెడ్డులో నాజిళ్ళు పండ్రెండే. అంగుళమునకు 96 చుక్కల చొప్పున, ఒక్కసారి పోయినచో అంగుళములో ఎనిమిదవ వంతు వెడల్పు మాత్రమే నిండును. అందువలన హెడ్డు అటునిటు పరుగెత్తవలసి వచ్చెను. రెండు దిశలలోను అచ్చు వేసినచో కాలము ఆదా యగును. గీత రెండుగా చీలుట ఇక్కడనే మొదలు.

కదలు బస్సు నుండి జారవిడిచిన రాయి, విడిచిన చోటికి సూటిగా క్రింద పడదు; బస్సు పోవు దిశలో ముందుకు పోయి పడును. సిరాబొట్టును అంతే. హెడ్డు సెకనుకు 1 మీటరు వేగముతో కదలుచున్నది, బొట్టు వేగము సెకనుకు 6 మీటర్లు, హెడ్డునకు ఫ్లెక్సీకి నడుమ దూరము 2 మి.మీ. అనుకొందము. బొట్టు దిగుటకు పట్టు కాలము సెకనులో మూడువేలవ వంతు. ఆ లోపల అది 0.33 మి.మీ. ముందుకు జరుగును. తిరిగి వచ్చునప్పుడు అంతే దూరము ఎదురు దిశలో జరుగును. రెండు గీతల నడుమ ఎడము 0.67 మి.మీ. ఈ ఎడమును యంత్రమునకు ముందే తెలిపినచో అది బొట్టును కొంచెము ముందుగా విడిచి సరిచేయును. కాని ఫ్లెక్సీ వేడికి ఉబ్బియో, ముడత పడియో దూరము మారినచో? 1 మి.మీ. తేడాకే 0.33 మి.మీ. చీలిక వచ్చును. అంగుళమునకు 360 చుక్కల అచ్చులో ఇది దాదాపు ఐదు చుక్కల దూరము. బ్యానరు అంచున గీత చీలి, నడుమ చీలకుండుటకు ఇదియొక కారణము. సిరా వేడెక్కినచో పలుచనై బొట్టు వేగమును మారును. ఉదయము సరిచేసిన యంత్రము మే నెల మధ్యాహ్నము గీత తప్పుట అబ్బురము కాదు.

దోషమును పట్టుటకు చక్కని పరీక్ష ఒకటి కలదు. ఒకే దిశలో అచ్చు వేయించవలెను. చీలిక పోయినచో హెడ్డును నిందింప పనిలేదు, రెండు దిశల పొంతనయే తప్పినది. అప్పటికిని నిలువు గీత వంకరగా ఉన్నచో, హెడ్డు స్థానమును లెక్కించు సన్నగీతల ప్లాస్టిక్ పట్టీపై సిరా మరక గాని, దుమ్ము గాని ఉన్నదా, బెల్టు వదులైనదా, హెడ్డు మరలు సడలినవా యని చూడవలెను. ఆ పట్టీని మెత్తని బట్టతో తుడిచినంతనే సరియైన యంత్రములు ఎన్నియో! వరుస కూడ ముఖ్యము: మొదట నాజిళ్ళ పరీక్ష, పిదప ఎత్తు, ఆ తరువాతనే దిశల పొంతన. ఎత్తు మార్చినచో వెనుకటి కొలతలన్నియు వ్యర్థము.

అడ్డముగా వచ్చు చారలు వేరు జాతివి. ఫ్లెక్సీ ప్రతిసారి జరుగు దూరము ఎక్కువైనచో తెల్ల గీత, తక్కువైనచో నల్లని పట్టీ. ఒక్కొక్క పరుగునకు 50 మి.మీ. చొప్పున 3 మీటర్ల బ్యానరుకు 60 జరుపులు, ఒక్కొక్కటి 0.1 మి.మీ. తగ్గినను మొత్తము 6 మి.మీ. పొట్టియగును. రెండు ముక్కలు ప్రక్కప్రక్కన అతికించు పెద్ద బ్యానరులో, ఒక ముక్క మాత్రమిట్లు తగ్గినచో బొమ్మ ముఖము అతుకు దగ్గర మెట్టు వలె విరుగును. ఒక మీటరు గీత అచ్చు వేసి స్కేలుతో కొలిచినచో తప్పు తెలియును.

2022 జూలై 1 నుండి 100 మైక్రానుల కంటె పలుచని ప్లాస్టిక్ బ్యానర్లపై కేంద్ర ప్రభుత్వము నిషేధము విధించెను. కొందరు మరల బట్ట వైపు చూచుచున్నారు. బట్ట లాగినచో సాగును, వదలినచో ముడుచుకొనును. దాని పొంతన మరింత కష్టము. అందువలన బట్టలపై అచ్చు వేయు పెద్ద ఇంకుజెట్ యంత్రములు అనేకములలో బట్టను జిగురు పూసిన బెల్టుపై అంటించి, కదలకుండ హెడ్డు క్రిందికి నడిపింతురు.